గాయక బృందమును పెంచిన సేవకుడు – యోహాన్ సెబాస్టియన్ బాఖ్

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొనిన ఈ ఆనంద సమయమున, సువార్త తెచ్చిన మిషనెరీలను, సంఘములను కాచిన గురువులను, దేవాలయములు కట్టించిన పెద్దలను, బడులలోను ఆసుపత్రులలోను సేవ చేసిన స్త్రీ పురుషులను మనమందరము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఇది మిక్కిలి యుక్తమైన పని. అయితే ఈ నూరేండ్లలో ప్రతి ఆదివారము దేవాలయములో ఒక ప్రక్కగా వేసిన బల్లల మీద కూర్చుండి, పాట ఎత్తుకొని, సంఘమంతటిని తమ వెంట నడిపించిన గాయకుల పేర్లు రాతి పలకల మీద కనిపించవు. వారి సేవ పాటతో పుట్టి పాటతోనే గాలిలో కలిసిపోవును. గాయక బృందములో కూర్చుండు మాకు ఈ సంగతి బాగుగా తెలియును.

మాకు మరియొక చింత కూడ కలదు. బృందములో కంఠములు తగ్గుచున్నవి. చదువుల కొరకు, ఉద్యోగముల కొరకు పిల్లలు దూర ప్రాంతములకు వెళ్ళిపోవుచున్నారు. కీబోర్డులు, స్పీకర్లు పెరిగినవి గాని టెనరు పాడువారు దొరకుట లేదు. క్రిస్మసు దగ్గర పడినప్పుడు తప్ప ప్రాక్టీసుకు వచ్చువారు కొద్దిమందే. ఉన్న కొద్దిమందితో, ఉన్న గొంతులతో ఈ సేవ కొనసాగునా అని మాలో మేమే అనుకొనుచుందుము. అట్టి సమయములలో మాకు ధైర్యము కలిగించిన ఒక జీవితమును సంఘ సభ్యుల ముందుంచుచున్నాము. ఆయన లోకమంతటికి తెలిసిన సంగీత విద్వాంసుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఆయన విద్వత్తును విమర్శించుటకు మాకు శక్తి చాలదు. ఒక పట్టణపు దేవాలయ గాయక బృందమునకు 27 సంవత్సరములు పెద్దగా ఉండి ఆయన పడిన పాట్లను గూర్చియే ముఖ్యముగా వ్రాయుచున్నాము.

అనాథ బాలుడు

జర్మనీ దేశములో తురింగియా ప్రాంతమందు ఐసెనాఖ్ అను చిన్న పట్టణము కలదు. ఆ ఊరికి పైగా కొండ మీద వార్ట్‌బర్గ్ కోట ఉన్నది. 1521వ సంవత్సరమున మార్టిన్ లూథర్ ఆ కోటలో దాగియుండి క్రొత్త నిబంధనను తన ప్రజల భాషలోనికి తర్జుమా చేయ మొదలుపెట్టారు. అంతకు ముందు బాలుడుగా ఉన్నప్పుడు ఆయన ఆ ఊరి లాటిను బడిలోనే చదివారు. అదే ఊరిలో 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీన సెబాస్టియన్ బాఖ్ జన్మించారు. చదివినది కూడ లూథర్ చదివిన బడిలోనే. తండ్రి అంబ్రోసియస్ పట్టణములో వాద్యకారుడు. ఆ వంశములో తరతరములుగా సంగీతమే వృత్తి. తురింగియా ప్రాంతపు దేవాలయములలో ఆర్గన్ వాయించువారు ఎందరో ఆ ఇంటివారే.

సెబాస్టియన్‌కు తొమ్మిదేండ్ల వయస్సులో, 1694లో తల్లి మరణించినది. ఏడాది తిరుగక ముందే 1695లో తండ్రియు గతించారు. ఆ పిల్లవానిని ఓర్‌డ్రుఫ్ అను ఊరిలో ఆర్గనిస్టుగా పనిచేయుచున్న పెద్దన్న తన ఇంటికి తీసికొనిపోయి, వాద్యము నేర్పి పెంచారు. అన్న బీరువాలో దాచిన ఒక స్వరముల పుస్తకమును ఆ బాలుడు రాత్రివేళ రహస్యముగా తీసి, దీపము లేనందున వెన్నెల వెలుతురులో ఆరు నెలలు కూర్చుండి నకలు వ్రాసికొన్నాడనియు, అన్న ఆ నకలును లాగుకొన్నారనియు ఆయన మరణానంతరము ప్రచురించిన జీవిత సంగ్రహములో కలదు.

అన్న కుటుంబము పెరిగినది. పదిహేనేండ్లు నిండు సమయమున, 1700లో, సెబాస్టియన్ మూడు వందల కిలోమీటర్ల దూరములోనున్న ల్యూనెబర్గ్ పట్టణమునకు వెళ్ళాడు. అక్కడి పరిశుద్ధ మిఖాయేలు దేవాలయములో మంచి కంఠము గల బీద బాలురకు ఉచితముగా భోజనము, వసతి, చదువు ఇచ్చి, వారిచేత ఆరాధనలలో పాడించుచుండేవారు. తల్లిదండ్రులు లేని బాఖ్‌ను నిలబెట్టినది ఆ గాయక బృందమే. చేరిన కొద్ది కాలమునకే ఆయన గొంతు మారిపోయినది. అయినను వారు పంపివేయలేదు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన వలెను. గొంతు పోయిన బీద పిల్లవానిని ఆ దేవాలయమువారు ఆనాడు వెళ్ళగొట్టి యుండినయెడల, తరువాత కథ మరియొక విధముగా నుండెడిది.

దుడుకు యౌవనము

బాఖ్‌ను దేవదూతగా చిత్రించుట మా ఉద్దేశ్యము కాదు. 1703లో 18 ఏండ్ల వయస్సున ఆర్న్‌స్టాట్ పట్టణములో ఆయన ఆర్గనిస్టుగా నియమింపబడ్డారు. అక్కడ పాడు విద్యార్థులలో కొందరు వయస్సులో ఆయనకంటె పెద్దవారు. వారితో ఆయనకు పొసగలేదు. ఒక బసూన్ వాయించు విద్యార్థిని ఎగతాళి చేయగా అతడు నడివీధిలో కర్రతో ఎదిరించాడు. బాఖ్ కత్తి దూశారు. ఆ తగవు సంఘ అధికారుల యెదుటికి వచ్చినది.

1705లో నాలుగు వారములు సెలవు తీసికొని, లూబెక్ పట్టణములో బుక్స్‌టెహూడె అను పెద్ద ఆర్గన్ విద్వాంసుని వినుటకు దాదాపు 400 కిలోమీటర్లు కాలినడకన వెళ్ళారు. తిరిగి వచ్చునప్పటికి నాలుగు నెలలైనది. వచ్చిన తరువాత కీర్తనల మధ్య క్రొత్త క్రొత్త స్వరములు కలిపి వాయించగా సంఘము తికమక పడుచున్నదని అధికారులు మందలించారు. విద్యార్థులతో కలిసి బృంద గానము ఎందుకు జరిగించుట లేదని కూడ గట్టిగా అడిగారు. సంఘ పెద్దలకు సంగీతకారుల మీద, సంగీతకారులకు సంఘ పెద్దల మీద ఫిర్యాదులు నేడు క్రొత్తగా పుట్టినవి కావని దీనివలన తెలియుచున్నది.

1707లో మ్యూల్‌హౌజెన్ పట్టణమునకు వెళ్ళి, ఆ సంవత్సరమే తన బంధువుల అమ్మాయి మరియ బార్బరాను వివాహము చేసికొన్నారు. మరుసటి ఏడు ఆ ఉద్యోగము విడచునప్పుడు వ్రాసిన పత్రములో, దేవుని మహిమార్థము క్రమము గల దేవాలయ సంగీతమును ఏర్పాటు చేయుటయే తన గమ్యమని తెలిపారు. అప్పటికి ఆయన వయస్సు 23. తరువాత వైమార్ ప్రభువు కొలువులో తొమ్మిదేండ్లు ఉండి ఆర్గన్ వాదనములో ఖ్యాతి పొందారు. అక్కడినుండి వెళ్ళుటకు పట్టుపట్టినందున ప్రభువు కోపించి 1717లో దాదాపు నాలుగు వారములు చెరసాలలో ఉంచెను. ఆ పిమ్మట కోతెన్ రాజకుమారుని కొలువు. అక్కడ జీతము, గౌరవము రెండును లభించినవి. కాని 1720 జూలైలో ఆయన యజమానుని వెంట ప్రయాణములో ఉండగా భార్య మరణించినది. తిరిగి వచ్చునప్పటికి సమాధి కార్యక్రమము కూడ ముగిసిపోయినది. 1721 డిసెంబరులో ఆన్నా మగ్దలేనా అను గాయకురాలిని ఆయన వివాహము చేసికొన్నారు.

మూడవ అభ్యర్థి

1722లో లైప్‌జిగ్ పట్టణములోని పరిశుద్ధ తోమా బడికి కాంటర్ పదవి ఖాళీ అయినది. కాంటర్ అనగా బడిలో పిల్లలకు పాట నేర్పు ఉపాధ్యాయుడు; పట్టణములోని దేవాలయముల సంగీతమంతటికి బాధ్యుడు కూడ. నగర సభవారు మొదట టెలిమాన్ అను ప్రఖ్యాత విద్వాంసుని కోరారు. ఆయన రాలేదు. పిమ్మట గ్రౌప్నర్ అను ఆయనను కోరారు. ఆయన యజమాని విడువలేదు. అప్పుడు బాఖ్‌కు ఆ పదవి దొరికినది. ఈ విధముగా లోకము నేడు ఎవరి పేరుతో ఆ పట్టణమును ఎరుగునో, ఆయన ఆ పట్టణమువారికి మూడవవాడు. 1723 మే 30వ తేదీన, త్రిత్వ పండుగ తరువాత వచ్చు మొదటి ఆదివారమున, పరిశుద్ధ నికొలాస్ దేవాలయములో ఆయన మొదటి కాంటాటా పాడించారు.

కాంటాటా అనగా ఆ ఆదివారపు సువార్త పాఠమునకు అర్థము చెప్పు గానము. అందులో బృంద గానము, ఒంటరి గానము, వాద్యములు ఉండును. చివరకు సంఘమువారు ఎరిగిన కీర్తన నాలుగు స్వరములలో వచ్చును. సువార్త పఠనమునకు, ప్రసంగమునకు నడుమ దానిని పాడుచుండేవారు. అది దాదాపు 20 నిమిషములు. ప్రసంగము ఒక గంట. ఉదయము 7 గంటలకు మొదలైన ఆరాధన మూడు నాలుగు గంటలు సాగెడిది. మాటలను చిన్న పుస్తకములుగా అచ్చు వేయించి సంఘస్థులకు ఇచ్చుచుండేవారు. ఏడాదికి సుమారు 60 కాంటాటాలు అవసరమయ్యెడివి. మొదటి కొద్ది సంవత్సరములలో బాఖ్ దాదాపు ప్రతి వారము క్రొత్తది వ్రాసి, దానిని నకళ్ళు తీయించి, పిల్లలకు నేర్పి, ఆదివారము పాడించారు. ఆ విధముగా వ్రాసినవాటిలో సుమారు 200 నేటికిని నిలిచియున్నవి. కొన్ని నశించిపోయినవి.

ఈ పాటలు పాడినవారు ఎవరు? తోమా బడిలో ఉచిత వసతి పొందుచున్న సుమారు 55 మంది బాలురు. వారిలో ఎక్కువమంది బీదవారు. ఆ 55 మందియే పట్టణములోని నాలుగు దేవాలయములకు పంచబడవలెను. పెండ్లిండ్లకు, సమాధి కార్యక్రమములకు వారే పాడవలెను. సంవత్సరములో కొన్ని కాలములందు గుంపులుగా వీధి వీధి తిరిగి ఇండ్ల ముందర పాడి కానుకలు పోగు చేయవలెను. మన క్యారల్సు బృందములు చలిరాత్రులలో ఇంటింటికి తిరుగుట చూచినవారికి ఈ సంగతి క్రొత్తగా తోచదు. వారికి మాత్రము అది బ్రతుకు తెరువు. చలిలోను వానలోను తిరిగి గొంతులు పాడుచేసికొనుచుండేవారు. కాంటర్ కుటుంబము కూడ బడి కట్టడములోనే ఒక ప్రక్క కాపురముండెను. నాలుగు వారములకొకసారి పిల్లల నిద్ర లేపుట మొదలుకొని దీపములార్పుట వరకు కాంటరే చూచుకొనవలెను. లాటిను చెప్పు పని కూడ ఆయన మీదనే ఉండగా, తన జీతములోనుండి ఏటా 50 థాలర్లు ఇచ్చి మరియొక ఉపాధ్యాయునిచేత ఆ పని చేయించారు.

కాంటర్ ఆదాయములో కొంత సమాధి కార్యక్రమముల వలన వచ్చెడిది. 1730లో తన బాల్య స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో బాఖ్, గాలి ఆరోగ్యకరముగా ఉన్న ఏడు మరణములు తగ్గి తన రాబడి పడిపోవుచున్నదని వాపోయారు. పెద్ద కుటుంబము గల మనిషి కష్టము అందులో కనిపించుచున్నది.

పదునేడు, ఇరువది, పదునేడు

1730 ఆగస్టు 23వ తేదీన బాఖ్ నగర సభకు ఒక విజ్ఞాపన పంపారు. గాయక బృందములో పనిచేయువారందరును దీనిని తెలిసికొన వలెను. మంచి బృందమునకు తక్కువలో తక్కువ 12 మంది, అనగా ఒక్కొక్క స్వరమునకు ముగ్గురు ఉండవలెనని అందులో లెక్క చెప్పారు. ముగ్గురు ఎందుకనగా, ఒకనికి జలుబు చేసినను ఇద్దరు మిగులుదురు. 16 మంది ఉండిన ఇంకను మేలు. ఆ పిమ్మట తనయొద్దనున్న పిల్లలందరి పేర్లు వరుసగా వ్రాసి మూడు భాగములుగా విడదీశారు. పాడుటకు పనికి వచ్చువారు 17 మంది. ఇంకను నేర్చుకొని ముందుకు రావలసినవారు 20 మంది. సంగీతమునకు తగనివారు 17 మంది.

ఈ అంకెలను మేము మొదట చదివినప్పుడు చాలసేపు ఆలోచించాము. మూడింట ఒక వంతు మాత్రమే సిద్ధముగా ఉన్న బృందముతో ఆయన ఆ మహా గానములను పాడించారు! మనము రికార్డులలో వినునది ఆరితేరిన గాయకుల గానము. ఆయన విన్నది గొంతు మారుచున్న పిల్లలది, రాత్రి సరిగా నిద్రలేనివారిది, జలుబు చేసినవారిది. ఒక్క శనివారపు ప్రాక్టీసుతో ఎంత చక్కగా పాడియుందురో ఎవరు చెప్పగలరు? అయినను పిల్లలకు అందదని చెప్పి ఆయన పాటను తగ్గించలేదు. పాటను అందుకొనునట్లు పిల్లలనే పెంచవలెనని చూచారు. ఆ ఇరువది మందిని పైకి తెచ్చుటయే బృంద నాయకుని అసలు పని. పదునేడుగురు ఎల్లప్పుడును దొరికినవారు. ఇరువది మందిని తయారు చేసికొన వలెను.

నగర సభవారు ఆ విజ్ఞాపనను పెద్దగా పట్టించుకొనలేదు. అయితే ఆ సంవత్సరమే గెస్నర్ అను ఒక మంచి ప్రధానోపాధ్యాయుడు వచ్చారు. సంగీతము విలువ ఎరిగినవాడు. ఇరుకై శిథిలమైన బడి కట్టడమును 1731, 1732 సంవత్సరములలో మరమ్మతు చేయించి పై అంతస్తులు కట్టించారు. ఆ కొద్ది కాలము బాఖ్‌కు ఊరట కలిగినది. 1734లో గెస్నర్ వెళ్ళిపోయారు.

పెద్దల తగవు, పిల్లల భయము

తరువాత వచ్చిన ప్రధానోపాధ్యాయుడు ఎర్నెస్టి విద్యావంతుడే, కాని సంగీతమునకు వెచ్చించు సమయము చదువునకు నష్టమని ఆయన అభిప్రాయము. 1736లో చిన్న సంగతి పెద్ద తగవైనది. పిల్లల బృందములకు పెద్ద విద్యార్థులు నాయకులుగా ఉండేవారు. వారిని నియమించు అధికారము ఎవరిదని వివాదము. ప్రధానోపాధ్యాయుడు నియమించిన నాయకుడు పాటకు తగనివాడని బాఖ్ అభిప్రాయము. ఆగస్టు నెలలో ఆరాధన మధ్యనే, గాయకుల మేడ మీదనుండి ఆ విద్యార్థిని బాఖ్ వెళ్ళగొట్టారు. బాఖ్ పెట్టినవాని క్రింద పాడినయెడల కఠిన శిక్ష కలుగునని ప్రధానోపాధ్యాయుడు పిల్లలను బెదిరించారు. ఒక ఆదివారము పాట నడిపించుటకు ఏ పిల్లవాడును ధైర్యము చేయలేదు. అక్కడికి వచ్చియున్న ఒక పూర్వ విద్యార్థి ఆ పని చేయవలసి వచ్చినది.

ఫిర్యాదుల మీద ఫిర్యాదులు నడిచినవి. బాఖ్ రాజుగారి వరకు వెళ్ళారు. 1738 వరకు ఆ వ్యవహారము సాగినది. ఎవరిది న్యాయమో పండితులు చెప్పుదురు గాక. మాకు కనిపించునది ఆ ఆదివారమున మేడ మీద నిలుచుండి, ఇరువురు పెద్దలలో ఎవరి మాట వినవలెనో తెలియక నోరు తెరువని పిల్లలు. గాయక బృందములు కంఠములు లేక చెడుటకంటె పెద్దల పంతముల వలన చెడుట ఎక్కువ. మేమును మా అనుభవములో ఇట్టి ఆదివారములు చూచితిమి. బాఖ్ అంతటి మహానుభావుని కోపము కూడ పిల్లల నోటనుండి పాటను తీసివేసినది అనునది మనకు హెచ్చరికగా ఉండవలెను.

ఇంటిలోని బృందము

బాఖ్‌కు ఇద్దరు భార్యల వలన 20 మంది పిల్లలు పుట్టారు. వారిలో పదిమంది మాత్రమే పెద్దవారైరి. ఆ ఇంటినుండి ఎన్నిసార్లు చిన్న పెట్టెలు సమాధుల దొడ్డికి వెళ్ళినవో తలంచుకొనిన, ఆయన సంగీతములో మరణమును గూర్చిన నిరీక్షణ ఎక్కడనుండి వచ్చినదో తెలియును.

ఆన్నా మగ్దలేనా వివాహమునకు ముందు కోతెన్ కొలువులో జీతము తీసికొన్న గాయకురాలు. లైప్‌జిగ్ దేవాలయములలో స్త్రీలు బృందములో పాడుట ఆ రోజులలో ఆచారము కాదు. అంత మంచి కంఠము గలిగియుండియు ఆమె భర్త వ్రాసిన పాటలను దేవాలయములో పాడలేకపోయినది. అయితే ఆమె కలము ఊరకుండలేదు. భర్త స్వరములను చక్కని దస్తూరితో నకలు వ్రాసినది. ఆమె దస్తూరి ఇంచుమించు భర్త దస్తూరివలెనే ఉండును. కుమారులు, ఇంటనుండి చదువుకొను శిష్యులు కూడ బల్లచుట్టు కూర్చుండి ఒక్కొక్క స్వరమునకు కాగితములు తయారు చేసేవారు. నేడు మన మందిరములలో సొప్రానో, ఆల్టో పాడుచున్న అక్కచెల్లెండ్రు ఈ తల్లిని జ్ఞాపకము చేసికొనుట న్యాయము.

బాఖ్ తన వ్రాతల మొదట యేసు సహాయము కోరు రెండు అక్షరములు, చివర దేవునికి మాత్రమే మహిమ అను అర్థము గల మూడు అక్షరములు తరచుగా వ్రాసేవారు. ఆయన చదివిన వ్యాఖ్యాన సహితమైన బైబిలు సంపుటములు మూడు 1934లో అమెరికాలో బయటపడినవి. వాటి అంచులలో ఆయన స్వహస్తముతో వ్రాసిన మాటలు ఉన్నవి. దావీదు దేవాలయ గాయకులను నియమించిన దినవృత్తాంతముల భాగము ప్రక్కన, దేవునికి ఇష్టమైన దేవాలయ సంగీతమునకు ఇదియే పునాదియని తెలిపారు. భక్తితో చేయు సంగీతమందు దేవుడు తన కృపతో ఎల్లప్పుడును సమీపముగా ఉండునని మరియొక చోట వ్రాసికొన్నారు. నగర సభవారికి వ్రాసిన ఫిర్యాదులు ఒక ప్రక్క, ఈ అంచు వ్రాతలు ఒక ప్రక్క. రెండింటిని కలిపి చూచినప్పుడే మనిషి తెలియును.

శుభ శుక్రవారము

మత్తయి సువార్త ప్రకారము ప్రభువు శ్రమల గానము బాఖ్ రచనలలో మిక్కిలి గొప్పది. అది మొదట 1727 ఏప్రిల్ 11వ తేదీన, శుభ శుక్రవారము మధ్యాహ్నపు ఆరాధనలో, తోమా దేవాలయమందు పాడబడినదని నేటి పండితుల నిర్ణయము. బృందమును రెండుగా చేసి, ఒకరు ప్రశ్నించగా మరియొకరు ఉత్తరమిచ్చునట్లు దానిని వ్రాశారు. ప్రసంగమునకు ముందు ఒక భాగము, తరువాత ఒక భాగము.

అందులో ఒక చోట, తనను అప్పగించువాడు మీలో ఉన్నాడని ప్రభువు తెలుపగా శిష్యులు ఒక్కొక్కరు కలవరముతో నేనా అని అడుగుదురు. ఆ ప్రశ్నను బృందము పదకొండు పర్యాయములు వేయును. ఇస్కరియోతు యూదా తప్ప మిగిలినవారు పదకొండుగురు గదా! వెంటనే సంఘము ఎరిగిన కీర్తన వచ్చును. అందులో ఆ అపరాధి నేనేయని విశ్వాసి ఒప్పుకొనును. మరికొంత దూరమున అదే బృందము సిలువ వేయుమని కేకలు వేయు జనసమూహమగును. మరల అదే బృందము సమాధి యొద్ద కన్నీటితో కూర్చుండును. శిష్యులు, శత్రువులు, పశ్చాత్తాపపడు సంఘము – అందరును ఆ కొద్దిమంది పిల్లల నోళ్ళే. గాయక బృందము సంఘము యెదుట ప్రదర్శన ఇచ్చునది కాదనియు, సంఘము తరపున ఒప్పుకొని, ఏడ్చి, స్తుతించునదనియు దీనికంటె స్పష్టముగా తెలుపుట కష్టము.

మనకు దగ్గరైన ఒక సంగతి ఇక్కడ వ్రాయక మానలేము. లైప్‌జిగ్‌కు 35 కిలోమీటర్ల దూరములో హాలే పట్టణమున్నది. 1716లో బాఖ్ అక్కడి దేవాలయపు క్రొత్త ఆర్గన్‌ను పరీక్షించుటకు వెళ్ళారు. ఆ పట్టణమునుండియే మిషనెరీలు తరంగంబాడికి వచ్చారు. వారిలో బెంజమిన్ షుల్ట్జ్ గారు మద్రాసులో తెలుగువారి భాష నేర్చుకొని 1727 నాటికి క్రొత్త నిబంధనను, 1732 నాటికి బైబిలు అంతటిని తెలుగులోనికి తర్జుమా చేశారు. అవి అచ్చుకు నోచుకొనలేదు. కాని ఆయన వ్రాసిన తెలుగు క్రైస్తవ పుస్తకములు 1746, 1747 సంవత్సరములలో హాలేలోనే అచ్చయినవి. లైప్‌జిగ్ పిల్లలు మత్తయి సువార్తను పాటగా నేర్చుకొనుచున్న ఆ దినములలోనే, అదే లూథరను సంఘమువాడొకడు అదే సువార్తను మన మాటలలోనికి మార్చుచుండెను. ఒకరి సంగతి ఒకరికి తెలిసినదో లేదో గాని, ఇరువురి పనియు మనకు అందినది.

మరపు, మేల్కొలుపు

బాఖ్ కండ్లు క్షీణించినవి. 1749 జూన్‌లో, ఆయన బ్రతికియుండగానే, ఆయన స్థానమునకు రాదగిన మరియొకరిని నగర సభవారు పరీక్షించి చూచారు. 1750 వసంత కాలములో టేలర్ అను ఇంగ్లీషు వైద్యుడు రెండుసార్లు శస్త్రచికిత్స చేసెను. చూపు పూర్తిగా పోయినది, ఆరోగ్యము చెడినది. 1750 జూలై 28వ తేదీన బాఖ్ ప్రభువునందు నిద్రించారు. పరిశుద్ధ యోహాను సమాధుల దొడ్డిలో సమాధి చేశారు. దానిమీద పేరు గల రాయి లేదు. ఆన్నా మగ్దలేనా పేదరికములో, పరుల సహాయము మీద బ్రతికి 1760లో మరణించినది. మన సంఘములలో సేవ చేసినవారి విధవరాండ్రను గూర్చి ఆలోచించుటకు ఇదియొక సందర్భము.

ఆయన పాటలు మరుగుపడినవి. కాని బొత్తిగా నశించలేదు. తోమా బడి పిల్లలు ఆయన మోటెట్లను, అనగా బృందము మాత్రమే పాడు దేవాలయ గీతములను, విడువక పాడుచుండిరి. 1789లో మొజార్ట్ ఆ దేవాలయమునకు వచ్చి వారు పాడగా విని ఆశ్చర్యపడి, స్వరముల కాగితములన్నియు తెప్పించుకొని చుట్టును పరచుకొని చదివెను. పెద్దలు మరచినదానిని పిల్లలు కాపాడిరి.

పూర్తి మేల్కొలుపు బెర్లిన్‌లో కలిగినది. అక్కడ 1791లో ఏర్పడిన ఒక గాన సమాజములో సామాన్య గృహస్థులు, స్త్రీలును పురుషులును, వారము వారము కూడి పాడుచుండేవారు. దాని నాయకుడు జెల్టర్ వృత్తిచేత తాపీ మేస్త్రీ. ఆయన శిష్యుడు ఫెలిక్స్ మెండెల్‌సన్‌కు అవ్వ మత్తయి శ్రమల గానపు నకలు ఒకటి కానుకగా ఇచ్చినది. 1829 మార్చి 11వ తేదీన, 20 ఏండ్ల ఆ యువకుడు ఆ సమాజమువారిచేత, కొంత తగ్గించి, దానిని పాడించెను. స్థలము చాలక ఎందరో వెనుకకు పోయిరి. బాఖ్ పుట్టిన దినమైన మార్చి 21న మరల పాడిరి. ఆనాటి బృందములో పాడినవారు కొలువు గాయకులు కారు. మనవంటివారు. పని ముగించుకొని సాయంకాలము ప్రాక్టీసుకు వచ్చినవారు.

1894లో బాఖ్ ఎముకలను వెదకి తీసి యోహాను దేవాలయములో ఉంచారు. రెండవ ప్రపంచ యుద్ధములో ఆ దేవాలయము పాడైన తరువాత, 1950 నాటికి ఆయన సమాధిని తోమా దేవాలయములో, బృందము నిలుచు స్థలమునకు సమీపముగా ఏర్పాటు చేశారు. 1212 నుండి వచ్చుచున్న ఆ బాలుర బృందము 2012లో 800 సంవత్సరముల పండుగ చేసికొన్నది. నేటికిని అక్కడ పాడుచున్నది.

మన సంఘములకు

ప్రియ సంఘ సభ్యులారా, మీ పిల్లలను ప్రాక్టీసుకు పంపుడి. శ్రుతి కలియని పిల్లవానిని చూచి నవ్వకుడి. అతడు ఆ ఇరువది మందిలోనివాడు కావచ్చును. గొంతు మారిన బాలుని పంపివేయకుడి, ల్యూనెబర్గ్‌వారు పంపివేయలేదు. పెద్దలారా, నాయకులారా, మన పంతములు గాయకుల బల్లల దగ్గరకు రానీయకుడి. బృందములో ముగ్గురే ఉన్నను ముగ్గురితోనే మొదలు పెట్టుదము.

ఇంకొక మనవి. బాఖ్ తన విజ్ఞాపనలో పాడగలవారి పేర్లతో పాటు పాడలేనివారి పేర్లు కూడ వ్రాశారు. ఆ కాగితము వలననే, లోకము ఎన్నడును ఎరుగవలసిన అవసరము లేని 54 మంది బీద పిల్లల పేర్లు దాదాపు 300 ఏండ్ల తరువాత నిలిచియున్నవి. ఈ శతవార్షిక సంవత్సరమున ప్రతి సంఘమువారును ఒక పుస్తకము తీసి, తమకు గుర్తున్నంత వరకు గాయక బృందములో కూర్చున్నవారి పేర్లు, ఆర్గన్, హార్మోనియము, తబలా వాయించినవారి పేర్లు, పాటలు చేతితో నకలు వ్రాసినవారి పేర్లు వ్రాసియుంచవలెనని కోరుచున్నాము. బాగుగా పాడినవారివి మాత్రమే కాదు, అందరివియు. రెండవ శతాబ్దములో ఆ బల్లల మీద కూర్చుండబోవు పిల్లలు ఆ పేర్లు చదివి, తాము ఎవరి వెనుక వచ్చినవారో తెలిసికొందురు గాక. మహిమ దేవునికి మాత్రమే చెల్లును గాక.